స్వల్పకాల విదేశీ వ్యాపారయాత్ర: ఆచార వ్యవహార శిక్షణ

విదేశంలో కొద్దిరోజులుండి వ్యాపార చర్చలు జరిపి తిరిగివచ్చే వారికి ఆ దేశపు మర్యాదలను, కాలనియమాలను, చట్టాలను ముందుగా బోధించడమే అంతర్‌సాంస్కృతిక శిక్షణ. హోసూరు, బెంగుళూరు పరిశ్రమలలో తమవారు పనిచేస్తున్న సోగత్తూరు పరిసర ధర్మపురి జిల్లా కుటుంబాలకు ఇది తెలిసి ఉండదగిన విషయం.

పుట్టుక
అమెరికా విదేశాంగశాఖ తన ఉద్యోగుల కొరకు 1947లో ఒక శిక్షణాలయాన్ని నెలకొల్పింది. మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1950ల తొలి భాగంలో అక్కడ బోధించారు. కాలాన్ని పాటించే తీరు, మనుషులు ఎడంగా నిలిచే దూరం కూడా భాషవలె అర్థమిస్తాయని 1959లో వెలువడిన తమ గ్రంథంలో వివరించారు.

మర్యాదలు
జపానులో పరిచయపత్రాన్ని రెండు చేతులతో అందుకొని, చదివిన పిమ్మటనే పక్కన ఉంచాలి. అరబ్బు దేశాలలో మనవలెనే కుడిచేతితో ఇచ్చిపుచ్చుకోవాలి. అంగీకారంగా మనం తలను పక్కలకు ఊపితే పరదేశీయులు కాదనుకొనవచ్చు; కనుక నోటితో చెప్పడం మేలు. సెలవుదినాలు కూడా దేశానికొక రీతి. సౌదీ అరేబియా 2013లో వారాంతపు సెలవులను శుక్ర, శనివారాలకు మార్చింది. ఐక్య అరబ్ ఎమిరేట్స్ ప్రభుత్వ కార్యాలయాలు 2022 నుండి శని, ఆదివారాలను పాటిస్తున్నాయి.

చట్టాలు
మర్యాద తప్పితే క్షమిస్తారు, చట్టం తప్పితే క్షమించరు. ఇంటివారు ప్రేమతో కట్టియిచ్చే మసాలా పొట్లంలో గసగసాలుంటే ఎమిరేట్స్‌లో చెరసాల పాలుకావచ్చు. నిద్రమాత్రలకు, కొన్ని నొప్పి మందులకు అక్కడ ముందస్తు అనుమతి అవసరం. సింగపూరులో 1992 నుండి చూయింగ్ గమ్ దిగుమతి నిషిద్ధం.

వీసా
వ్యాపార వీసా చర్చలకే గాని కూలికి పనిచేయుటకు కాదు. “ముందు వెళ్లండి, తరువాత మార్పిద్దాం” అనే దళారి మాటను నమ్మరాదు. ఉద్యోగానికి వెళ్లే కార్మికుల కొరకు భారత విదేశాంగశాఖ 2018లో ప్రయాణపూర్వ అవగాహన శిక్షణను ప్రారంభించింది. అది వేరు, వ్యాపారయాత్ర వేరు.

సరిహద్దువారి బలం
తెలుగులో అవసరమంటే అక్కర. తమిళ, కన్నడాలలో అదే మాటకు తొందర అని అర్థం. మాట ఒకటే అయినా భావం వేరని సరిహద్దు బిడ్డలకు చిన్ననాటనే తెలుసు. ఆ ఎరుకే ఈ శిక్షణకు మూలం. ప్రయాణానికి ముందు వీసా రకం, ఆ దేశపు సెలవులు, మందులచీటీ, పెట్టెలోని పొట్లాలు, ఈ నాలుగింటిని ఇంటిల్లిపాదీ కలసి సరిచూడాలి.