లాంచీ రేకు వేసిన అంబాసిడరు

చరిత్ర అనగానే శాసనాలు, తామ్రపత్రాలు, రాజుల వంశావళులు మనసులో మెదలడం సహజం. మా ఇంట్లో ఉన్న చరిత్ర పత్రం మాత్రం కొబ్బరితోట పక్కన రేకుల షెడ్డులో, టైర్లలో గాలిపోయి, ఎలుకలకు నివాసమై మూడేళ్ళు పడి ఉంది. అది 1968 నాటి అంబాసిడరు కారు. మా తాతగారు కొన్నారు, నాన్నగారు నడిపారు, నేను పాడుపెట్టాను. ఈ టపా దాన్ని మళ్ళీ రోడ్డెక్కించిన వైనం గురించే అయినా, ఆ పనిలో నాకు తెలిసివచ్చిన ఒక చిన్న సంగతి కోసమే ముఖ్యంగా రాస్తున్నాను.

మా ఊరు రాజోలు దగ్గర. 2022 ఏప్రిల్ దాకా తూర్పు గోదావరి జిల్లా, తరువాత కోనసీమ జిల్లా. ఆ ఏడాది శ్రావణంలో పాత ఇనుము కొనే ఆయన మా షెడ్డులోకి తొంగిచూసి, కారుకు ఇరవై ఎనిమిది వేలిస్తానన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. సాయంత్రం దీపం పెట్టాక మాత్రం, "మీ నాన్నగారు 2018లో అయిదేళ్ళకి కాగితాలు రాయించి వెళ్ళిపోయారురా. ఆ గడువైనా తీరనివ్వు" అంది. రిజిస్ట్రేషను గడువు 2023 మార్చిలో తీరుతుంది. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన కారుకు పునరుద్ధరణ రుసుము 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. గడువు దాటితే నెలకింత అని అపరాధ రుసుము అదనం. అంటే నా చేతిలో ఏడు నెలలు, బ్యాంకులో లక్షా ఇరవై వేలు ఉన్నాయి. కార్ల గురించిన జ్ఞానం మాత్రం బొత్తిగా లేదు.

ముందు ఈ బండి పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో చెప్పుకుందాం. హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1942లో గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో మొదలై, 1948లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాకు తరలింది. ఇంగ్లండులోని మోరిస్ కంపెనీ తయారుచేసిన ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు అక్కడ కొద్దికాలమే బతికింది. ఆ కారే ఇక్కడికి వచ్చి అంబాసిడరుగా పేరు మార్చుకుని, 1950ల చివరి నుంచి 2014 మే నెల దాకా తయారవుతూనే ఉంది. 1953లో సుంకాల సంఘం సిఫారసుల తరువాత, విడిభాగాలు దిగుమతి చేసుకుని ఇక్కడ బిగించే విదేశీ కంపెనీలు తట్టాబుట్టా సర్దుకున్నాయి. కొనేవాళ్ళకు మిగిలిన దారులు ప్రధానంగా మూడు: ఉత్తరపారా అంబాసిడరు, బొంబాయి ఫియట్, మద్రాసు స్టాండర్డ్. డబ్బున్నా కారు వెంటనే దొరికేది కాదు, పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. 1969లో కేంద్ర ప్రభుత్వం కార్ల ధరలను తానే నిర్ణయిస్తే, కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. 1983 డిసెంబరులో మారుతి వచ్చేదాకా రమారమి ఇదే పరిస్థితి. అలాంటి కాలంలో కొన్న వస్తువును ఎవరూ పారేసేవారు కారు. పాడైతే బాగుచేయించడం తప్ప వేరే మార్గం లేదు.

నాకు దొరికిన మిత్రులు ముగ్గురు. ఒకరు నాతోపాటు పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు మలికిపురం వైపు లేతు మిషను నడుపుకుంటున్నవాడు. రెండోవాడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. పాత కార్ల పిచ్చి వాడికే ఎక్కువ, ఏ మోడలుకు ఏ గ్రిల్ ఉండాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. మూడోవారిని మిత్రుడనడం సాహసమే. డెబ్భై ఏళ్ళ టింకరింగు మేస్త్రీ గారు. చూపు తగ్గిందని పని మానేశారు. నాన్నగారి మీద అభిమానంతో, "నేను చేతులు పెట్టనండి, కుర్చీ వేయించండి, కూర్చుని చెబుతాను" అన్నారు. వారం తిరక్కుండానే ఆ కుర్చీ ఖాళీగానూ, ఆయన కారు కిందా కనిపించడం మొదలైంది.

మొదటి రోజే నా అజ్ఞానం బయటపడింది. వెనకచక్రం విప్పుదామని పక్క అంచు కింద జాకీ పెట్టి తిప్పాను. కారు లేవలేదు, జాకీయే రేకు చీల్చుకుని లోపలికి పోయింది. లేతు మిత్రుడు నెత్తి కొట్టుకున్నాడు. లారీకి, జీపుకు ఉన్నట్టు అంబాసిడరుకు విడిగా చట్రం ఉండదు. అడుగు రేకు, పక్క అంచుల పెట్టెలు, పై కప్పు అన్నీ కలిసే దాని ఎముకల గూడు. అడుగు తుప్పు పట్టిందంటే వెన్నుపూస పుచ్చిందన్నమాట. రంగు సంగతి తరువాత, ముందు అడుగు చూడాలన్నారు మేస్త్రీ గారు.

సీట్లు తీసి, లోపలి చాపలు తీసి, నారబ్రష్షుతో గీకుతూ పోయాం. ఎడమవైపు అంచు పెట్టె అప్పడంలా విరిగిపోయింది. కుడివైపుది కొంత నయం. డ్రైవరు పాదాల కింద మాత్రం అంతా దృఢంగా ఉంది. సుత్తితో కొడితే ఖంగుమంది. అక్కడ రేకు మందంగా ఉండి, అంచు పొడవునా సమదూరంలో గుండ్రటి మచ్చలు కనిపించాయి. పూర్వం రివెట్లు ఉన్న చిల్లులను వెల్డింగుతో పూడ్చిన గుర్తులవి. గీకిన చోట తారు, దాని కింద ఆకుపచ్చ రంగు పొర. మా కారు తెల్లది.

మేస్త్రీ గారు వేళ్ళతో ఆ మచ్చలు తడిమి నవ్వారు. "ఇది కారు రేకు కాదండి, లాంచీ రేకండి. మా గురువుగారు వేశారండి. నేను గ్యాసు బండ పట్టుకున్నానండి."

ఆ రాత్రి తాతగారి చిట్టాలు దింపాను. 1987 పద్దుల్లో ఒక పంక్తి దొరికింది: కారు అడుగు వెల్డింగు కూలి, కాఫీ ఫలహారాలతో సహా 140 రూపాయలు. రేకు ఖరీదు లేదు. ఎందుకు లేదో మర్నాడు మేస్త్రీ గారే చెప్పారు. 1986 ఆగస్టు వరదలో నీళ్ళు సీట్లదాకా వచ్చి కారు అడుగు పాడైంది. తాతగారి స్నేహితులొకరికి నరసాపురం వైపు లాంచీ ఉండేది. తిరిగేవాళ్ళు తగ్గి దాన్ని విప్పేస్తున్నారు. "నీకెంత కావాలో కోసుకుపో" అన్నారట. ఆ లాంచీ ఇంజను మీద పని నేర్చుకున్న మనిషే తరువాత ఒడ్డుకు వచ్చి షెడ్డు వేసుకున్నారు. మా మేస్త్రీ గారికి గురువు ఆయనే.

ఇక్కడ కాస్త ఆగి గోదావరి వైపు చూడాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ దొర తవ్వించిన కాలువలు పొలాలకు నీరివ్వడానికి మాత్రమే కాదు, పడవలు నడవడానికి కూడా. రైళ్ళకంటే జలమార్గాలే ఈ దేశానికి చవక అని ఆయన గట్టిగా వాదించినవాడు. లాకుల దగ్గర ఆగుతూ, ఏలూరు కాలువ మీదుగా బెజవాడ దాకా సరుకుల పడవలు నడిచేవి. నదీపాయల మీద లాంచీలు, పంట్లు తిరిగేవి. 1900లో హేవలాక్ వంతెన మీద రైలు గోదావరి దాటింది కాని, రాజమండ్రి నుంచి కొవ్వూరుకు కారు తనంత తానుగా వంతెన మీద దాటే వీలు 1974లో రోడ్డు-రైలు వంతెనతోనే కలిగింది. మాకు దగ్గరలో దిండి, చించినాడల మధ్య వంతెన వచ్చేదాకా నరసాపురం వెళ్ళాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించవలసిందే. వశిష్ఠ మధ్యలో పంటు మీద నిలబడిన ఈ కారులో కూర్చుని నేను జామకాయలు తిన్న జ్ఞాపకం ఉంది.

ఒక్కొక్క వంతెన లేచినకొద్దీ ఒక్కొక్క రేవు పలచబడింది. లాంచీని ఒడ్డుకు చేర్చినవాటిలో మా అంబాసిడరు లాంటి బండ్లూ ఉన్నాయి. చివరికి అలాంటి లాంచీ ఒకటి విరిగిపోతూ తన రేకును ఈ కారు అడుగుకే ఇచ్చింది. నీటి మీద బతికిన సీమ రోడ్డు మీదకు మారిన కాలమంతా మా డ్రైవరు పాదాల కింద రెండడుగుల రేకులో ఉంది. ఇది ఏ గ్రంథంలోనూ రాసి ఉండదు.

గొడవ ఇక్కడే మొదలైంది. హైదరాబాదు మిత్రుడు ఆ రేకు తీసేయాలన్నాడు. "కంపెనీ గేటు దాటి వచ్చిన రోజున ఎలా ఉందో అలా చేస్తేనే పునరుద్ధరణ. లేకపోతే అతుకులబొంత" అన్నాడు. వాడి మాటలోనూ న్యాయం లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన పాతకాలపు వాహనాల నిబంధనలు కూడా అదే ధోరణిలో ఉన్నాయి. యాభై ఏళ్ళు దాటి, మూలరూపం చెడకుండా, చట్రంలోనూ తొడుగులోనూ ఇంజనులోనూ పెద్ద మార్పులు లేకుండా ఉన్న బండికే ఆ గుర్తింపు. అందుకు 20,000 రూపాయల రుసుము. పైగా ఆ నంబరు తీసుకుంటే రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. అమ్మను గుడికి తీసుకెళ్ళలేని కారు మాకెందుకని ఆ దారి వదులుకున్నాం. అయినా మూలరూపం అనే మాట నన్ను చాలా రోజులు వేధించింది. ఉత్తరపారాలో ఈ కారు గడిపింది కొద్ది రోజులు. కోనసీమలో గడిపింది యాభై నాలుగేళ్ళు. 1996 నవంబరు తుపానులో షెడ్డు మీద కొబ్బరిచెట్టు పడి చొట్టపోయిన కప్పును సుత్తితో సాపు చేసింది ఇక్కడివాళ్ళే. డైనమోకు రాగితీగ చుట్టింది, తలుపు పిడికి ఇత్తడి ముక్క అరగదీసి పెట్టింది ఇక్కడివాళ్ళే. మొదటి రోజునే అసలు రూపమని, తక్కిన యాభై ఏళ్ళను మాలిన్యమని కడిగేస్తే మిగిలేది కంపెనీ చరిత్ర. మా ఊరి చరిత్ర నీళ్ళలో పోతుంది.

అలాగని పుచ్చిన చోటును చరిత్ర పేరుతో వదిలేయడం కూడా మూర్ఖత్వమే. ప్రాణాలు మోసే బండి ఇది. అందుకని లేతు మిత్రుడు ఒక తీర్పు చెప్పాడు. సుత్తి దెబ్బకు ఖంగుమన్నది ఉంటుంది, బొద్దుమన్నది పోతుంది. ఆ లెక్కన రెండు అంచుల పెట్టెలూ, డిక్కీ అడుగూ కొత్త రేకుతో వేశాం. బ్రేకుల విషయంలో పాత ముక్క ఒక్కటీ ఉంచలేదు. మాస్టరు సిలిండరు, గొట్టాలు, నాలుగు డ్రమ్ములకూ లైనింగులు కొత్తవే. లాంచీ రేకు నిలిచింది.

ఇంజను 1489 సీసీ. సిలిండర్ల బోరు అప్పటికే చివరి మెట్టు దాకా పెంచేసి ఉంది, ఇంకా చెక్కడానికి గోడ లేదు. విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళి పోతయినుము లైనర్లు దించి, పాత కొలతకు పిస్టన్లు వేయించాం. దొరకని బుష్షులన్నీ మిత్రుడు తన లేతు మీదే తిప్పాడు. ముందు దీపాల చుట్లు, గ్రిల్ కలకత్తా మల్లిక్ బజారులో హైదరాబాదు మిత్రుడి పరిచయస్థులు వెతికి పంపారు.

లెక్క కూడా చెప్పాలి కదా. టింకరింగు, రేకులు 48,000. ఇంజను 41,000. రంగు 30,000. అయిదు టైర్లు 17,500. బ్రేకులు, వైరింగు 13,500. సీట్లు 9,000. మొత్తం 1,59,000. నా సంచికి చిల్లు 39,000. ఆ లోటు సీట్లు కుట్టే రోజున తెలిసింది. ఎవరినీ అడగలేదు. రంగు డబ్బు చెల్లించడానికి వెళితే అప్పటికే ఎవరో ఇచ్చేశారన్నారు. హైదరాబాదుకు ఫోను చేస్తే, "మీ తాతగారు రేకుకు ఎంతిచ్చారు?" అని ఎదురు ప్రశ్న వేశాడు. తీసేయమని పట్టుబట్టినవాడే ఆ మాట అన్నాడు! తక్కిన తొమ్మిది వేలు అమ్మ కొబ్బరికాయల డబ్బులోంచి తీసి ఇచ్చింది. లేతు మిత్రుడి కూలి పై లెక్కలో లేదు. రాయబోతే కలం లాక్కున్నాడు.

2023 మార్చి మొదటి వారంలో కారును పరీక్షకు తీసుకెళ్ళాం. బ్రేకులు చూశారు, దీపాలు చూశారు, ఇంజను నంబరు, చాసిస్ నంబరు సరిపోల్చారు. అడుగు చూడడానికి వంగిన అధికారి లాంచీ రేకు దగ్గర ఒక క్షణం ఆగారు. నా గుండె కూడా ఆగింది. వేలి మెటికతో కొట్టి చూసి, "గట్టిగా ఉందండి" అని లేచారు. ఇంకో అయిదేళ్ళకు కాగితాలు వచ్చాయి.

మేస్త్రీ గారిని ముందుసీట్లో కూర్చోబెట్టుకుని రావులపాలెం దాకా వెళ్ళి వచ్చాం. వంతెన మీద ఆయన కాళ్ళ దగ్గరి రబ్బరు చాప ఒకసారి ఎత్తి చూసుకున్నారు. మళ్ళీ జాగ్రత్తగా వేసేశారు. దారంతా గురువుగారి గురించే చెప్పారు. ఆ లాంచీ పేరేమిటని అడిగితే చాలాసేపు ఆలోచించి, గుర్తు రావడం లేదన్నారు. రంగు మాత్రం ఆకుపచ్చేనట.

నరసాపురం, సఖినేటిపల్లి, అంతర్వేది వైపు వాళ్ళెవరైనా ఇది చదువుతూ ఉంటే, 1987 ప్రాంతంలో విప్పేసిన ఆకుపచ్చ లాంచీ ఏదైనా మీ పెద్దవాళ్ళకు జ్ఞాపకం ఉందేమో దయచేసి అడిగి చెప్పండి. చిట్టాలో ఆ పంక్తి పక్కన రాసుకోవడానికి చోటు ఉంచాను.