కంచె లోపలి శిఖరము

వాల్తేరు నుండి హౌరాకు పోవు రైలుదారి ఖరగ్‌పూరు మీదుగా సాగును. బెంగాల్–నాగ్‌పూర్ రైల్వే నాటినుండి ఇచ్చటికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములకు అది బ్రతుకుదారి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివిన తెలుగు యువకుడొకడు 1941లో కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరెను. ఆయనయే కల్యంపూడి రాధాకృష్ణారావుగారు.

నిబంధనలకు లోబడి అత్యుత్తమ ఫలమును సాధించుట యెట్లు? ఇది ప్రాచీనమైన ప్రశ్న. ప్రతి నిబంధనకును ఒక గుణకమును జతచేయు నుపాయమును లాగ్రాంజి 1788 నాటి తన గ్రంథమున చూపెను. నిబంధన యెంత బలముగా నొత్తుచున్నదో ఆ గుణకము తెలుపును. సమీకరణములు జటిలమైనచో జవాబు ఒక్కమారుగా దొరకదు. ఒక ఊహతో మొదలిడి, వాలు చూచి సవరించి, ఆ సవరణనే మరల మరల చేయుచు పోవలెను. చీకటిలో కంచెను తడవుకొనుచు కొండ నెక్కువాని నడక యిట్టిదే. కంచె వెంబడి మిట్టకు చేరినవానికి ఆ దారిని ఇక వాలుండదు. కాని కంచెకు ఆవల నేల ఇంకను పైకి లేచుచుండవచ్చును.

ఈ ఆవలి వాలునే రావుగారు కొలమానముగా గ్రహించిరి. కేంబ్రిడ్జిలో ఫిషర్ పండితుని వద్ద పరిశోధన చేసి, 1948లో స్కోరు పరీక్షను ప్రకటించిరి. నిబంధనకు లోబడిన ఉత్తమస్థానమున వాలు స్వల్పమైనచో నిబంధనను త్రోసివేయుటకు ఆధారము లేదు. మిక్కుటమైనచో అది దత్తాంశములకు పొసగదు. కంచె దాటి మరియొక శిఖరమును వెదకు శ్రమ తప్పినది. చేతిలెక్కల కాలమున అది అల్పలాభము కాదు.

1958లో ఎయిచిసన్, సిల్వీ అను గణాంకవేత్తలు నిబంధిత అంచనాలను ఆవృత్తి పద్ధతిని సాధించు విధమును వివరించిరి. 1959లో సిల్వీ ప్రతిపాదించిన లాగ్రాంజి గుణక పరీక్ష రావుగారి పరీక్షకు రూపాంతరమే. ఒకరు వాలును, ఒకరు గుణకమును కొలిచిరి. చేరిన చోటు ఒక్కటియే.

1951లో హిజిలీ నిర్బంధ శిబిర భవనమున భారత సాంకేతిక విద్యాసంస్థ వెలసినది. బంధించుటకు వాడిన గోడలలో విద్య సాగిన ఊరు మనది. రావుగారు 2023లో 102 సంవత్సరముల వయస్సున కీర్తిశేషులైరి.

నేను కళాశాఖ పట్టభద్రుడను. దస్త్రములు నా వృత్తి. నియమమును పాటించుట మన ధర్మమని యెరుగుదును. అది యెంత ఒత్తుచున్నదో కొలిచి పైవారికి నివేదించుటయు ధర్మమేయని రావుగారి గణితము వలన తెలిసికొంటిని.