లంగరు: విశాఖ రేవు చెప్పిన పాఠము

విశాఖపట్టణము వన్ టౌన్‌లో రాస్ హిల్ పైకెక్కి నిలిచినవారికి ఒక్క చూపులో రెండు లోకములు కనబడును. ఒక ప్రక్క కురుపాం మార్కెట్టు వీధులు, పాత ఇండ్లు, ఇరుకు సందులు. మరియొక ప్రక్క ఊరికిని డాల్ఫిన్స్ నోస్ కొండకును నడుమ సాగిన నీటి మార్గము, దాని కవతల అంతులేని బంగాళాఖాతము. ఈ కొండ మీద మేరీమాత ఆలయము, ప్రక్క కొండ మీద దర్గా, మరియొక కొండ మీద వేంకటేశ్వరస్వామి కోవెల. మూడును రేవు వైపునకే చూచుచున్నవి. సముద్రము మీదికి పోవువారు తమ తమ దైవమును తలచుకొని బయలుదేరుట అనాది ఆచారము. అయినను దైవము మీద భారము వేసిన నావికుడు సైతము రెండవ భారమును లంగరు మీదనే వేయవలసియున్నది.

రేవులో చోటు దొరకువరకు ఓడలు దూరమున, బయటి సముద్రములో నిలిచియుండుట మన మెరిగినదే. అవి కొట్టుకొనిపోక నిలుచుటకు కారణమైనది మాత్రము మన కంటికి కనబడదు. అది నీటి అడుగున, ఇసుకలోనో బురదలోనో ముక్కు దూర్చి పడియుండును. ఆ కనబడని ఇనుమును గూర్చి, ముఖ్యముగా చిన్న తెరచాప నావకు తగిన లంగరు ఎట్టిదను విషయమును గూర్చి, మన రేవు చరిత్రనే సాక్షిగా నిలుపుకొని నాలుగు మాటలు చెప్పదలచితిమి.

తెరచాప, మోకు మున్నగు మాటలు మన ఇంటి మాటలు. లంగరు అను మాట మాత్రము పారసీకము నుండి, సరంగు అను మాట వలెనే, వర్తకుల వెంట మనకు వచ్చినది. మాట క్రొత్తదైనను వస్తువు క్రొత్తది కాదు. ఇనుము విరివిగా లేని కాలమున రాతికే తొలిచి లంగరు చేసిరి. గుజరాతు తీరమున ద్వారక దగ్గర సముద్ర గర్భములో పురాతత్త్వజ్ఞులకు ఇట్టి రాతి లంగరులు పెక్కు దొరకినవి. వానిలో కొన్నిటికి మూడు రంధ్రములు గలవు. పైరంధ్రము మోకు కట్టుటకు. క్రింది రెండు రంధ్రములలో కొయ్యమేకులు దిగగొట్టెడివారు. ఆ మేకులు అడుగుభూమిని గీరి పట్టుకొనును. అనగా బరువొక్కటే నావను నిలుపజాలదనియు, భూమిని పట్టుకొను గోరు కూడ కావలెననియు ఆ ప్రాచీనులే గ్రహించిరి. తరువాతి లంగరు చరిత్ర యంతయు ఈ ఒక్క సత్యమునకు వ్యాఖ్యానమని చెప్పవచ్చును.

ఇక మన రేవు సంగతి. 1682 ప్రాంతమున ఆంగ్లేయ కంపెనీవారు ఇచ్చట వర్తకస్థానము నెలకొల్పుకొనిరి. ఆనాటికి విశాఖకు నేడున్న రేవు లేదు. ఉప్పుటేటి ముఖము ఇసుకమేటలతో మూసికొనుచు తెరచుకొనుచు నుండెడిది. పెద్ద ఓడలు బహిరంగ సముద్రములోనే లంగరు వేసికొనెడివి. వానికిని తీరమునకును నడుమ సరకులను మసూలా పడవలు మోసెడివి. ఆ పడవల పలకలను మేకులతో గాక కొబ్బరినారతో కుట్టెడివారు. కావున కెరటము కొట్టినపుడు అవి విరుగక వంగి ఓర్చుకొనెడివి. ఇట్టి తెరపి రేవులో ఓడవానికి గోడ లేదు, చాటు లేదు. ఉన్నది లంగరొక్కటే.

అది ఎంతటి ఆధారమో 1804 సెప్టెంబరు 15వ తేదీ విశాఖ ప్రజలు ఒడ్డున నిలిచి చూచిరి. అప్పటికి ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని యుద్ధము నడచుచున్నది. ఊరి ఎదుట మూడు ఆంగ్లేయ నౌకలు లంగరు మీద నుండెను. సెంచూరియన్ అనునది 50 ఫిరంగుల యుద్ధనౌక. బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అనునవి వర్తక నౌకలు. అంతలో లిన్వా అను ఫ్రెంచి నౌకాధిపతి 74 ఫిరంగుల మరెంగోతోను, రెండు ఫ్రిగేట్లతోను వచ్చిపడెను. సెంచూరియన్ నాయకుడు జేమ్స్ లిండ్ అప్పుడు ఒడ్డున నుండెను. నౌకపై నున్న లెఫ్టినెంటు ఫిలిప్స్ పోరు సాగించెను. లిండ్ ఆ పోరు నడుమనే పడవ నెక్కి తన నౌకను చేరుకొనెను.

ఆ మూడు నౌకల గతి మూడు విధములయ్యెను. బార్నబీవారు బెదరి మోకు కోసివేసికొనిరి. లంగరు లేని ఆ నౌక కెరటముల వాతబడి ఒడ్డున పగిలిపోయెను. ప్రిన్సెస్ షార్లెట్ లంగరు మీద నిలిచియే, పోరాడకుండ, శత్రువు చేజిక్కెను. సెంచూరియన్ మాత్రము తీరమునకు చేరువగా, లోతు తక్కువైన చోట నిలిచి పోరాడెను. పెద్దదైన మరెంగోకు ఆ మెరకలోనికి చేరువగా వచ్చుట సాధ్యము కాలేదు. పోరులో ఒక గుండు తగిలి సెంచూరియన్ మోకు తెగిపోయెను, నౌక కొట్టుకొనిపోసాగెను. గాని వేరొక లంగరు సిద్ధముగా నుండుటచేత అది మరల నిలువగలిగెను. తుదకు లిన్వా ప్రిన్సెస్ షార్లెట్‌ను మాత్రము వెంటబెట్టుకొని వెడలిపోయెను.

ఈ పోరును చరిత్రకారులు ఫిరంగుల లెక్కతో చెప్పుదురు. మేము లంగరు లెక్కతో చూచుచున్నాము. భయపడి లంగరును వదలుకొన్న నౌక పగిలినది. రెండవ లంగరు గల నౌక బ్రతికినది. ఈ నాటికిని చిన్న నావలో సముద్రము మీదికి పోవువాడు మొట్టమొదట నేర్వవలసిన పాఠమిదియే: ఒక్క లంగరుతో బయలుదేరరాదు.

ఆ దినమున తెగినది జనుపజాతి నారతో పేనిన లావైన మోకు. గుండుకే కాదు, సముద్రపు టడుగున రాతి అంచుకును అట్టి మోకు లోకువయే. ఆ తరువాత నాలుగేండ్లకు, 1808లో, శామ్యూల్ బ్రౌన్ అను ఆంగ్లేయ నౌకాదళాధికారి ఇనుప గొలుసునకు హక్కుపత్రము పొందెను. కొలది కాలములోనే ఓడలు మోకులకు మారుగా గొలుసులు పట్టినవి. గొలుసు వలన లాభము గట్టిదనము మాత్రమే కాదు. దాని బరువు అడుగున నేలపై పడియుండి, లాగుడును నేలబారుగా చేయును. లంగరును నేలబారుగా లాగినచో అది మరింత లోనికి దిగును. పైకి లాగినచో ఊడివచ్చును. లంగరును ఎత్తునపుడు నావికుడు చేయునది సరిగా ఇదియే: నావను దానిపైకి తెచ్చి, నిలువుగా లాగును.

కావున లంగరు ఎంత మంచిదో, దానికి విడిచిన గొలుసు నిడివి అంత ముఖ్యము. నావికుల లెక్క యిది. నీటి లోతునకు నావ ముక్కు ఎత్తును, రాబోవు పోటును కలుపవలెను. లోతు 5 మీటర్లు, ముక్కు 1 మీటరు, విశాఖలో పెద్ద పోటు సుమారు ఒకటిన్నర మీటరు అనుకొందము. మొత్తము ఏడున్నర మీటర్లు. పూర్తి గొలుసైనచో దీనికి అయిదు రెట్లు, అనగా ముప్పదియేడున్నర మీటర్లు విడువవలెను. చివర కొంత గొలుసు కట్టి తక్కినది నైలాను మోకైనచో ఏడు రెట్లు, అనగా ఏబదిరెండున్నర మీటర్లు. గాలివాన నాడు ఇంకను ఎక్కువ. పోటును మరచి 5 మీటర్లకే లెక్క కట్టినవాడు నిద్రించు వేళ నీరు పెరిగి, అతని లంగరు జారును.

ఇక లంగరు జాతుల సంగతి. మన బొమ్మలలోను, నావికుల టోపీల మీదను కనబడునది పాత అడ్డకర్ర లంగరు. దాని కాడకు పైన ఒక అడ్డకర్ర, క్రింద దానికి అడ్డముగా రెండు కొక్కెములు. అడ్డకర్ర నేలపై పరచుకొనగానే ఒక కొక్కెము తప్పక భూమిలో దిగును. రాళ్ళ మీదను, నాచు మీదను దీనికి సాటి తక్కువ. గాని రెండవ కొక్కెము పైకి నిక్కియుండుటచే, నావ తిరిగినపుడు మోకు దానికి చుట్టుకొనును. ఆ బరువును చిన్న నావపై దాచుటయు కష్టము.

చిన్న నావవాని ఈ కష్టమును తీర్చినది ఒక గణితశాస్త్రవేత్త యనిన ఆశ్చర్యము కలుగును. ప్రవాహముల గణితమున ప్రసిద్ధుడైన జెఫ్రీ ఇన్‌గ్రమ్ టేలర్ స్వయముగా తెరచాప నావికుడు. 1927లో భార్యతో కూడి తన చిన్న నావలో నార్వే దేశపు లోఫోటెన్ దీవుల వరకు పోయివచ్చినవాడు. తేలికయై, గట్టిగా పట్టు లంగరు కావలెనని యోచించి, 1933లో నాగలిని పోలిన లంగరును కల్పించెను. నాగటి కర్రు ఏల భూమిలో దిగుచున్నదో మన రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. బరువుచేత కాదు, కోణముచేత. ఎద్దు లాగినకొలది అది లోనికి దిగును. టేలర్ లంగరును గాలి లాగినకొలది అదియు అట్లే దిగును. గాలి దిక్కు మారినను దాని కాడ కీలు మీద తిరుగుటచే సులభముగా ఊడిరాదు.

ఆ 1933వ సంవత్సరమే విశాఖ చరిత్రలోను ముఖ్యమైనది. బురదనేలను త్రవ్వి, ఉప్పుటేటి ముఖమును లోతు చేసి నిర్మించిన లోపలి రేవునకు ఆ అక్టోబరు 7వ తేదీన జలదుర్గ అను ఓడ వచ్చి చేరెను. డిసెంబరు 19వ తేదీన రాజప్రతినిధి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనముగా ప్రారంభించెను. దక్షిణము నుండి కొట్టుకొనివచ్చు ఇసుక ముఖద్వారమును పూడ్చకుండుటకై జేనస్, వెల్స్‌డన్ అను రెండు పాత ఓడలను డాల్ఫిన్స్ నోస్ దాపున ముంచి అడ్డుకట్టగా చేసిరి. కదలుటకు పుట్టిన రెండు ఓడలు రేవునకు శాశ్వతముగా లంగరులైనవి. ఆనాటితో పెద్ద ఓడకు విశాఖలో గోడచాటు దొరకినది. బయట నిలుచు ఓడకును, చిన్న నావకును మాత్రము పాత ధర్మమే మిగిలినది.

టేలర్ తరువాత మరికొన్ని జాతులు వచ్చినవి. 1940 ప్రాంతమున అమెరికాలో రిచర్డ్ డాన్‌ఫర్త్ రెండు వెడల్పైన పలుచని రెక్కలు గల లంగరును చేసెను. రెండవ ప్రపంచ యుద్ధములో సైన్యమును ఒడ్డున దించిన పడవలు దీని సాయముతోనే మరల నీటిలోనికి లాగుకొనెడివి. ఇసుకలోను, మెత్తని బురదలోను తన బరువునకు మించిన పట్టు దీనిది. మడచి దాచుట సులభము. గాని రాతి మీదను నాచు మీదను జారిపోవును. గాలి ఒక్కసారిగా తిరిగినచో ఊడి, మరల పట్టకపోవచ్చును. 1970 తరువాత సముద్రములో చమురు త్రవ్వు పనుల నుండి పులిపంజా వంటి మూడు గోళ్ళ బ్రూస్ లంగరు వచ్చినది. అది త్వరగా పట్టును, గాని అదే బరువుగల తక్కినవానితో పోల్చిన దాని పట్టు కొంచెము తక్కువ. గత శతాబ్దము చివర నుండి లోపలికి గుంటగానున్న పార వంటి రెక్కతో, కొన్నిటికి వెనుక విల్లు వంటి కడ్డీతో, క్రొత్త లంగరులు వెలువడినవి. ఎట్లు పడినను అవి తిరిగి ముక్కు క్రిందికి పెట్టుకొని దిగును. దూరయాత్ర చేయు తెరచాప నావలవారు నేడు ఎక్కువగా వీనినే మెచ్చుకొనుచున్నారు.

అయిన ఏది కొనవలెను? ఈ ప్రశ్నకు అంగడిలో గాక అడుగుభూమిలో సమాధానము కలదు. పూర్వపు నావికులు సీసపు గుండును తాడున కట్టి, బారలు కొలుచుచు నీటిలో దించెడివారు. ఆ గుండు అడుగున గుంటలో కొవ్వు పూసెడివారు. పైకి తీయగా దానికి ఇసుక అంటినదా, బురద అంటినదా, ఏమియు అంటక గీతలు పడినదా అని చూచి, రాయి ఉన్నదీ లేనిదీ తెలిసికొనెడివారు. మన తీరమున ఇసుకయు, బురదయు, కొండలు సముద్రములోనికి దిగిన చోట్ల రాళ్ళును గలవు. కావున ఇచ్చట తిరుగు నావకు ముఖ్యమైన లంగరు పలునేలలను పట్టునది, నావకు చెప్పిన కొలతకంటె ఒక మెట్టు పెద్దది కావలెను. దానికి తోడుగా రెక్కల లంగరొకటి వేరు మోకుతో సిద్ధముగా నుండవలెను.

ఇది అతి జాగ్రత్త యని తోచువారు 2020 అక్టోబరును తలచుకొనవలెను. కాకినాడ దగ్గర తీరము దాటిన తీవ్ర వాయుగుండము విశాఖ సముద్రమును కలచివేసినపుడు, బయట లంగరు మీదనున్న ‘మా’ అను బంగ్లాదేశ్ సరకు ఓడ నిలువలేక, కొట్టుకొనివచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళపై చేరెను. అందలి 15 మందియు క్షేమముగా బయటపడిరి. మరునాడు ఊరి జనము పార్కులో నిలిచి, రోడ్డు ప్రక్కకు వచ్చిన ఓడను చూచిరి. ఓడలు బండ్లగునను సామెత అర్థము ఆ ఉదయము చిన్నపిల్లలకును తెలిసినది. గాలి సముద్రము నుండి తీరమునకు వీచునపుడు లంగరు జారిన ఓడకు వెనుక చోటుండదు. యంత్రములు, తంత్రులు, ఆకాశము నుండి దారిచూపు ఉపగ్రహములు గల ఈ కాలమునను, 1804లో బార్నబీ చేరిన చోటికే అది చేరినది.

ఈ పరిజ్ఞానము మనవారికి దూరమైనది కాదు. 2017 సెప్టెంబరు 10 నుండి 2018 మే 21 వరకు తారిణి అను తెరచాప నావపై భూమిని చుట్టివచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళలలో విశాఖకు చెందిన పి. స్వాతి ఒకరు, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య మరియొకరు. వారిని చూచి రేపు మరికొందరు పిల్లలు ఈ తీరము నుండి తెరచాప ఎత్తుదురు. వారికి గాలిని పట్టుట నేర్పువారు పలువురుందురు. భూమిని పట్టుట కూడ నేర్పవలెను.

సాయంకాలము రాస్ హిల్ దిగి వచ్చునపుడు దూరపు ఓడల దీపములు ఒకటొకటిగా వెలుగును. ఆ దీపములన్నియు ఒకే దిక్కునకు ముఖము పెట్టి, గాలి కెదురుగా నిలిచియుండును. ఓడలో ఒకడు మేలుకొని, తీరపు దీపములను గురుతు పెట్టుకొని, అవి స్థానము మారినవా యని చూచుచునే యుండును. మంచి లంగరు వేసినవాడును చేయవలసిన పని యిది; ఏలయన లంగరు నావను నిలుపును గాని, నావికుని నిద్రపుచ్చుటకు అది పూచీపడదు.