దీపానికి కన్ను

మా అల్లుడికి పాతసామాన్ల పిచ్చి. ఆమధ్య అమ్మాయి పురిటికని అమెరికా వెళ్ళినప్పుడు చూద్దును గదా, కారు షెడ్డులో బల్లమీద ఓ వీధిదీపం బోర్లా పడుకుని ఉంది! స్తంభం మీద గరిటంత కనిపిస్తుంది గాని, కిందికి దించితే చంటిపిల్ల తొట్టంత ఉంది. పాతకాలపు పాదరసపు దీపమట. తుక్కులో కొన్నాడట.

"పెరట్లో పెడతాను అత్తయ్యగారూ. పొద్దుగూకితే తనంతట తనే వెలగాలి, తెల్లారితే ఆరిపోవాలి. దీనికి కన్ను లేదు. పెట్టాలి" అన్నాడు.

"ఆరిపోవాలి అనకూడదు నాయనా, కొండెక్కాలి అనాలి" అన్నాను. దీపానికి కన్నేమిటని నవ్వొచ్చింది గాని, దీపాలకి కన్నుగా ఉన్న మనిషి ఒకతను వెంటనే గుర్తొచ్చాడు.

మా చిన్నప్పుడు మా ఊళ్ళో కిరసనాయిలు వీధిదీపాలుండేవి. సంజవేళ నిచ్చెన భుజాన వేసుకుని, నూనెడబ్బా పట్టుకుని ఒకతను వచ్చేవాడు. చిమ్నీ తుడిచి, వత్తి కత్తిరించి, వెలిగించి పోయేవాడు. అతను మా మలుపు తిరిగితేగాని మా నాయనమ్మ తులసికోట దగ్గర దీపం పెట్టేది కాదు. పౌర్ణమి ముందూ వెనకా మాత్రం వచ్చేవాడు కాదు. వెన్నెలుండగా నూనె దండగని పైవాళ్ళ లెక్క. మబ్బు పట్టినా లెక్క లెక్కే! అలాంటి ఓ మబ్బు పౌర్ణమినాడు మా నాయనమ్మ మురుక్కాలవలో కాలుపెట్టి మడమ విరగ్గొట్టుకుంది. ఆ తరువాత మా ఇంట్లో పంచాంగానికి మునుపటి గౌరవం లేదు.

ఇది మా ఊరి పిసినారితనం అనుకునేదాన్ని. కాదట. అమెరికా నగరాల్లోనూ ఒకప్పుడు చంద్రుణ్ణి చూసి వీధిదీపాల వేళలు రాసుకునేవారట. 1807లో లండన్ పాల్‌మాల్ వీధిలో గ్యాసుదీపాలు వెలిగిన దగ్గర్నుంచీ దీపం పెట్టాలంటే మనిషైనా నడవాలి, గడియారమైనా చెప్పాలి. ఆకాశం సంగతి ఆ రెంటికీ పట్టదు. వెలుగునీ చీకటినీ గుర్తుపట్టే వస్తువు కావాలి.

అది అనుకోకుండా దొరికింది. 1873లో విలోబీ స్మిత్ అనే ఇంగ్లీషు ఇంజనీరు, సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫు తీగల్ని పరీక్షించడానికి సెలీనియం కడ్డీలు వాడుతున్నాడు. అవి నిలకడగా ఉండవు. పెట్టె మూత తీస్తే కరెంటు ఎక్కువ పోతుంది, మూస్తే తక్కువ! వెలుగు తగిలితే కరెంటుకి దారిచ్చే వస్తువులున్నాయని అలా తెలిసింది.

అయితే అసలు కరెంటుతో పనిలేకుండానే దీపానికి కన్ను పెట్టినవాడు స్వీడన్ దేశపు గుస్తాఫ్ డాలెన్. 1907లో ఆయన చేసిన పరికరంలో ఓ నల్లటి కడ్డీ, చుట్టూ తళతళలాడే కడ్డీలు మూడు. నల్లది పగటి వెలుగుని పీల్చుకుని వేడెక్కి, వెంట్రుకవాసి సాగి గ్యాసుదారి మూసేస్తుంది. చీకటిపడితే ముడుచుకుని తెరుస్తుంది. సముద్రంలో రాళ్ళమీది దీపాలకోసం పడవల్లో ప్రాణాలరచేత పట్టుకుని తిరిగే బాధ చాలావరకు తప్పింది. 1912లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఏడే, పరీక్ష చేస్తూంటే గ్యాసు పేలి ఆయన కళ్ళు రెండూ పోయాయి. బహుమతి అందుకోవడానికి ఆయన తోడబుట్టినవాడు వెళ్ళాడు. ఆయన కళ్ళ డాక్టరు! అది చదివాక ఆ పూట నాకు మరి పుస్తకం ముందుకు సాగలేదు.

డాలెన్ ఇంకా పాతికేళ్ళు బతికాడు, కంపెనీ నడిపాడు. పొయ్యి దగ్గర భార్య పడే అవస్థ గమనించి 1922లో ఆగా పొయ్యి కనిపెట్టాడంటారు. కళ్ళున్న మగవాళ్ళకి కనిపించనిది ఆయనకెలా కనిపించిందో మరి!

సరే, మా అల్లుడు దీపం నెత్తిన గుండ్రంగా రంధ్రం చేసి సాకెట్ బిగించాడు. వాన దిగకుండా కింద రబ్బరు చుట్టు. తీగలు మూడు. నల్లది కరెంటు తెస్తుంది, ఎర్రది దీపానికి ఇస్తుంది, తెల్లది తిరుగుదారి. ఫోటోసెల్‌ని సీసామూతలా తిప్పితే కూర్చుంటుంది. ఒక కాలు మిగతా రెంటికంటె పెద్దది కాబట్టి తప్పుగా పెడదామన్నా కుదరదు. లోపల కాడ్మియం సల్ఫైడ్ బిళ్ళ. పగలు అది కరెంటుకి దారిస్తే, ఓ చిన్న రేకు వేడెక్కి వంగి దీపాన్ని ఆపుతుంది. రేకు వేడెక్కడానికి వ్యవధి పడుతుంది కనక మెరుపు మెరిసినంతలో దీపం కొండెక్కదు. ఈ రకం కన్ను పోతే దీపం పట్టపగలు కూడా వెలుగుతూనే ఉంటుంది. చీకట్లో వదిలెయ్యడంకంటె అదే నయమని అలా చేశారట. మడమ విరిగినవాళ్ళని అడిగితే వాళ్ళూ ఆ మాటే అంటారు.

ఆ రాత్రి దీపం వెలిగింది. బాగా తెల్లగా వచ్చేసరికి ఠక్కున పోయింది. పాదరసం చల్లారాక మళ్ళీ వెలిగింది. మళ్ళీ పోయింది! అల్లుడు తీగలన్నీ తడిమి చూశాడు. నేను పసిదాన్ని భుజాన వేసుకుని చూస్తూ, "ఎదురుగా తెల్లగోడ ఉంది గదా, దాని వెలుగు దానికే కొట్టి తెల్లారిందనుకుంటోందేమో నాయనా" అన్నాను. తీరా చూస్తే సెల్ మీద ఉత్తరం గుర్తు ఉంది. ఎండ సూటిగా పడకుండా కన్ను ఉత్తరంకేసి ఉండాలట. దీపాలకీ వాస్తు ఉందన్నమాట!

మర్నాడు మెయిను ఆపి, సాకెట్ వదులుచేసి కన్ను తిప్పాడు. నిచ్చెన నేనే పట్టుకున్నాను. సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి పెరట్లోకి వచ్చి చూస్తే అది ఇంకా వెలగలేదు. ఇంకో నాలుగు నిమిషాలకి, గొంతు సవరించుకుంటున్నట్టు మిణుకుమంది.