పాత కంప్యూటర్‌కు కొత్త ప్రాసెసర్

ఏటా దసరాకు ముందు రైల్వే ఉద్యోగుల ఇళ్ళలో బోనసు మాట వినిపిస్తుంది. 2024లోనూ, 2025లోనూ అది 78 రోజుల వేతనం. పరిమితి ప్రకారం ఒక్కొక్కరికి గరిష్ఠంగా వచ్చేది 17,951 రూపాయలు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ లెక్క బాగా తెలుసు. ఆ డబ్బు మీద ఇంట్లో అందరి కళ్ళూ ఉంటాయి. కాలేజీలో చదివే కుర్రవాడి కన్ను మాత్రం పదేళ్ళనాటి కంప్యూటర్ మీద ఉంటుంది. కొత్త ఆటలు అందులో నత్తనడక నడుస్తున్నాయి. ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే చాలునా?

ఈ ప్రశ్నకు సమాధానం వెతకటానికి ఖరగ్‌పూర్ స్టేషను మంచి చోటు. హౌరా, టాటానగర్, ఆద్రా, ఒడిశా వైపుల నుంచి వచ్చే మార్గాలు అక్కడ కలుస్తాయి. సుమారు 5 వేల అశ్వశక్తి ఉన్న ఇంజన్ తీసేసి 6 వేల పైచిలుకు ఇంజన్ తగిలించామనుకుందాం. స్టేషను బయట సిగ్నల్ పడకపోతే ఆ బలమంతా ఏమవుతుంది? పెద్ద ఇంజన్ కూడా చిన్న ఇంజన్ లాగే నిలబడుతుంది. పట్టాల పాయింట్లనూ సిగ్నళ్ళనూ ఒకదానితో ఒకటి ముడిపెట్టి, రెండు బండ్లకు ఒకే దారి ఇవ్వకుండా చూసే ఏర్పాటును ఇంటర్‌లాకింగ్ అంటారు. 2017లో ఖరగ్‌పూర్‌లో పాత రిలేల పద్ధతి స్థానంలో 800 మార్గాలను నడపగల సాలిడ్ స్టేట్ ఇంటర్‌లాకింగ్ వచ్చింది. దానిలో పనిచేసేవి మైక్రోప్రాసెసర్లే! ఇక్కడ ఇంజన్ల జోలికి పోలేదు. బండ్లు ఎక్కడ ఆగుతున్నాయో ఆ చోటు మార్చారు.

కంప్యూటర్ల విషయంలో ఈ సంగతిని 1967లో లెక్కకట్టి చెప్పినవాడు జీన్ ఆమ్‌డాల్. ఐబిఎం సిస్టమ్/360 యంత్రాల రూపకర్తల్లో ఆయన ముఖ్యుడు. ఒక పనికి 100 సెకన్లు పడుతోందనుకోండి. అందులో 60 ప్రాసెసర్‌వి, 40 డిస్కువి. రెట్టింపు వేగం గల ప్రాసెసర్ పెడితే 30 కలుపు 40, అంటే 70 సెకన్లు. ప్రాసెసర్‌ను ఎంత వేగవంతం చేసినా 40 సెకన్ల కంటే కిందికి రాదు.

ప్రాసెసర్ ఒక్కటే మార్చే వ్యాపారం 1992లో ఊపందుకుంది. ఇంటెల్ సంస్థ ఓవర్‌డ్రైవ్ పేరుతో 486 యంత్రాలకు కొత్త చిప్పులు అమ్మింది. వాటి లోపలి గడియారం 66 మెగాహెర్ట్జ్ దాకా పరుగెత్తితే, బయట మదర్‌బోర్డు 33 దగ్గరే ఉండేది. లోపల రెట్టింపు, బయట పాత నడకే అన్నమాట. అంతకు ముందు సంవత్సరం వచ్చిన 487ఎస్ఎక్స్ కథ ఇంకా విచిత్రం. దశాంశ లెక్కలు చేసే తోడు చిప్పుగా దాన్ని అమ్మారు. నిజానికి అది పూర్తి 486. పెట్టగానే పాత ప్రాసెసర్‌ను నిద్రపుచ్చి అన్ని పనులూ తానే చేసేది!

ఆ తోడు అవసరమా కాదా అన్నది ఆట మీద ఆధారపడింది. 1993 డిసెంబరులో వచ్చిన డూమ్ పూర్ణాంకాలతోనే గడుపుకుంది. 1996లో వచ్చిన క్వేక్ దశాంశ లెక్కల మీద నడిచింది. అందువల్ల మిగతా పనుల్లో పెంటియంతో పోటీపడిన సైరిక్స్ 6ఎక్స్86 ఈ ఆటలో వెనుకబడింది. అదే సంవత్సరం 3డిఎఫ్ఎక్స్ సంస్థ వూడూ కార్డు వచ్చాక, బొమ్మ గీసే పని ప్రాసెసర్ నుంచి కార్డుకు మారింది. నాటి నుంచి ప్రశ్న రెండుగా చీలింది: ఆగుతున్నది ప్రాసెసర్ దగ్గరా, కార్డు దగ్గరా?

దీన్ని పైసా ఖర్చు లేకుండా తేల్చవచ్చు. ఆటలో బొమ్మ రిజల్యూషన్ తగ్గించి చూడండి. బొమ్మల వేగం బాగా పెరిగితే, అడ్డు కార్డు. పెరగకపోతే, చాలావరకు ప్రాసెసర్. ఒక్కో బొమ్మకు ప్రాసెసర్ 12 మిల్లీసెకన్లు, కార్డు 25 మిల్లీసెకన్లు తీసుకుంటున్నాయనుకుందాం. రెండూ ఒకదాని వెంట ఒకటిగా కాక ఏకకాలంలో పనిచేస్తాయి కనుక, సెకనుకు వచ్చేవి 40 బొమ్మలు. ప్రాసెసర్ 6 మిల్లీసెకన్లకు దిగినా వచ్చేవి అవే 40.

అడ్డు ప్రాసెసరే అని తేలితే, తర్వాతి చిక్కు సాకెట్. ఇక్కడ కంపెనీల మధ్య చాలా తేడా ఉంది. 2017లో ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్లు అదే 1151 మొనల సాకెట్‌తో వచ్చినా, పాత బోర్డుల్లో పనిచేయలేదు. దీనికి భిన్నంగా ఎఎమ్‌డి తన ఎఎమ్4 సాకెట్‌ను ఏళ్ళ తరబడి నిలిపింది. 2022లో వచ్చిన 5800ఎక్స్‌3డి, బయోస్ మార్చుకున్న 2017 నాటి బోర్డుల్లో కూడా పనిచేసింది. గడియార వేగంలో అది తన అన్న 5800ఎక్స్ కంటే తక్కువే. కానీ 96 మెగాబైట్ల ఎల్3 కాష్ ఉండటంతో, ఎక్కువ ఆటల్లో దాన్ని మించిపోయింది. సమాచారం ప్రధాన మెమరీ నుంచి వచ్చేదాకా ఎదురుచూసే పని తగ్గింది మరి. మెగాహెర్ట్జ్‌లు చూసి ప్రాసెసర్ కొనేవారు ఈ ఉదాహరణ గుర్తుపెట్టుకోవాలి.

ఇక మన కుర్రవాడి సంగతి. అతని యంత్రంలో 2014 నాటి ఐ5-4460 ఉందనుకుందాం: నాలుగు కోర్లు, నాలుగు త్రెడ్లు. అదే సాకెట్‌లో కూర్చునేది ఐ7-4790: నాలుగు కోర్లు, ఎనిమిది త్రెడ్లు, 3.4కు బదులు 4 గిగాహెర్ట్జ్ దాకా వేగం. విద్యుత్ వినియోగ పరిమితి రెండింటికీ 84 వాట్లే. కొన్ని పాత బోర్డులకు ముందుగా బయోస్ మార్చాలి. కొత్త తరం ప్రాసెసర్ కావాలంటే బోర్డు మారాలి, డిడిఆర్3 మెమరీ కూడా పనికిరాదు. అప్పుడది మరమ్మతు కాదు, సగం కొత్త కంప్యూటర్.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఈ రెండు ప్రాసెసర్లూ విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు. కనుక నా అభిప్రాయం ఇది: రిజల్యూషన్ పరీక్షలో ప్రాసెసర్ దోషిగా తేలి, వాడిన ఐ7 చౌకగా దొరికి, మరో ఏడాది రెండేళ్ళు నెట్టుకురావాలనుకుంటే కొనవచ్చు. వాడిన చిప్పు ధర కొత్త బోర్డు, మెమరీ, ప్రాసెసర్ల మొత్తం ధరలో మూడో వంతు దాటితే మాత్రం ఆ డబ్బు కదపకుండా వచ్చే బోనసు దాకా దాచటమే మేలు.