పేరులోనే తగ్గిన జీతం

ప్రొద్దుటూరు అనగానే మనకి గుర్తొచ్చేది బంగారం కొట్లు. పెళ్లి కుదిరితే చాలు, జమ్మలమడుగు నుంచీ పులివెందుల నుంచీ బస్సెక్కి అక్కడికే పోతాం. అదే ఊరు పత్తికీ పేరే. జిన్నింగు మిల్లులోకి ఎప్పుడైనా తొంగిచూశారా? గింజ వేరుచేసే యంత్రానికి పత్తి అందించేది చాలాచోట్ల ఆడవాళ్లే. ముక్కుకి చెంగు, ఒళ్లంతా దూది. బేళ్లు మోసేది మగవాళ్లు. అది బరువు పని, ఇది "ఆడవాళ్ల పని". పేరు పెట్టడంతోనే కూలి కూడా తేలిపోతుంది.

సమాన పనికి సమాన వేతనం అన్నమాట మన రాజ్యాంగం 39వ అధికరణంలో 1950 నుంచీ ఉంది. అయితే అది ఆదేశిక సూత్రం. ఉన్నదున్నట్టుగా కోర్టులో పట్టుబట్టడానికి లేదు. అంతర్జాతీయ మహిళా సంవత్సరమని 1975 సెప్టెంబరు 26న ఆర్డినెన్సు తెచ్చారు. మరుసటి ఏడు అది చట్టమైంది.

"మరి కార్మిక సంఘాలేం చేస్తున్నాయండీ?" అంటారా? బొంబాయి కథ ఒకటి వినండి. మెకిన్నన్ మెకంజీ కంపెనీలో ఆడ్రీ డికోస్టా స్టెనోగ్రాఫరు. పెద్ద అధికారుల దగ్గర పనిచేసే ఈమెలాంటివాళ్లని "కాన్ఫిడెన్షియల్ లేడీ స్టెనోగ్రాఫర్లు" అనేవారు. షార్ట్‌హాండు అదే, టైపు మిషను అదే; జీతం మాత్రం మగ స్టెనోల కన్నా తక్కువ. 1977లో ఉద్యోగం పోయాక ఆవిడ ఫిర్యాదు చేసింది. కంపెనీ ఏమందో తెలుసా? ఉద్యోగుల సంఘంతో 1975లో కుదిరిన ఒప్పందం ప్రకారమే ఇస్తున్నాం, అంది! సంఘం చేవ్రాలే యజమానికి గొడుగయింది. 1987 మార్చిలో సుప్రీంకోర్టు ఆ గొడుగు లాగేసింది. ఆ కుర్చీల్లో ఆడవాళ్లనే కూర్చోబెట్టింది యాజమాన్యం, దాన్నే తక్కువ జీతానికి సాకు చెయ్యకూడదంది.

సంఘాన్ని తిట్టడం తేలిక. అందరి జీతమూ పెరగాలంటే కొన్ని కోరికలు వదులుకోక తప్పదంటారు, నిజమే. ఎప్పుడూ వదులుకునేది ఆడవాళ్ల కోరికే ఎందుకవుతుందో మాత్రం నాకు బోధపడదు.

ఇంగ్లండులోనూ ఇదే తంతు. 1968లో ఫోర్డు కారు సీట్లకి తొడుగులు కుట్టే 187 మంది ఆడవాళ్లు సమ్మె చేశారు. మగవాళ్ల రేటులో నూటికి 92 వంతులు దక్కింది. కానీ వాళ్లడిగింది, కుట్టడం కూడా నేర్పున్న పనే అని ఒప్పుకోమని. అది ఒప్పుకునేసరికి 1984 వచ్చింది. కుట్టుపని ఆడవాళ్లకి పుట్టుకతో వస్తుందనుకున్నారు కాబోలు!

మన 1976 చట్టం ఇప్పుడు విడిగా లేదు. 2019 నాటి వేతనాల కోడ్‌లో కలిసిపోయింది. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకొచ్చింది. "అదే పని లేక అలాంటి పని" అన్న షరతు అందులోనూ ఉంది.

జమ్మలమడుగులో ఓ నేతగాళ్లింట్లో ఆ షరతే నా మనసులో మెదిలింది. చీరకింత అని కూలి, నేసినవాడి చేతికే. పొద్దుటి నుంచీ రాట్నం ముందు కండెలు చుడుతున్న ఇల్లాలిని మీకెంతిస్తారని అడిగాను.

"నాకెవురిస్తారమ్మా? మగ్గం ఆయనది గదా!" అని నవ్వి, తెగిన పోగు ముడేసుకుంది.