గర్భసంచి గోడలో దాగే జబ్బు: అడినోమయోసిస్ నిర్ధారణ చరిత్ర

గర్భసంచి లోపలి పొర తన హద్దు దాటి కండర గోడలోకి చొచ్చుకుపోతే దాన్ని అడినోమయోసిస్ అంటారు. గోడ మందమై గర్భసంచి గుండ్రంగా ఉబ్బుతుంది. నెలసరి రక్తస్రావం, నొప్పి పెరుగుతాయి. ఆయుర్వేదం అధిక రక్తస్రావాన్ని అసృగ్దరం అంది, తెలుగువాళ్లు ఎర్రబట్ట అన్నారు. ఇవి లక్షణానికి పెట్టిన పేర్లు. ఫైబ్రాయిడ్లు, హార్మోన్ల లోపం, క్యాన్సర్, అడినోమయోసిస్ అన్నీ వాటిలోనే కలిసిపోయేవి.

1860లో వియన్నా వైద్యుడు రోకిటాన్స్కీ గర్భసంచి కండరంలో గ్రంథులున్న గడ్డలను వర్ణించాడు. బాల్టిమోర్‌లో థామస్ కల్లెన్ అవి లోపలి పొర నుంచే దిగబడ్డాయని నిరూపించి 1908లో గ్రంథం వెలువరించాడు. 1925లో ఫ్రాంకల్ ఇప్పటి పేరు పెట్టాడు. వీళ్లు చూసినవి శరీరం నుంచి వేరుచేసిన గర్భసంచులు. గర్భసంచి లోపల గీకి తీసే పరీక్షకు పై పొర మాత్రమే దొరికేది, గోడలోని జబ్బు చిక్కేది కాదు. అందుకే చాలాకాలం ఆపరేషన్ ముందు, నిర్ధారణ తర్వాత.

తెలుగునాట గుంటూరులో స్త్రీల వైద్యానికి పునాది వేసింది అన్నా కుగ్లర్. 1883లో వచ్చిన ఈ అమెరికన్ లూథరన్ వైద్యురాలు 1898లో ఆస్పత్రి తెరిచింది. 1946లో గుంటూరు వైద్య కళాశాల మొదలైంది.

1980లలో ఎంఆర్ఐ, ఆ తర్వాత యోని ద్వారా చేసే అల్ట్రాసౌండ్ ఆపరేషన్ తర్వాతే నిర్ధారణ అనే ఆ వరసను తిరగేశాయి. గోడలో చిన్న నీటితిత్తులు, ఒకవైపే పెరిగిన మందం, విసనకర్రలా పరుచుకున్న నీడలు, చెదిరిన సరిహద్దు గీత స్కానింగ్‌లో కనిపించే గుర్తులు. ఫైబ్రాయిడ్‌కు స్పష్టమైన అంచు ఉంటుంది, దీనికి ఉండదు. ఎంఆర్ఐలో పొరకూ కండరానికీ మధ్య పట్టీ 12 మిల్లీమీటర్లు దాటితే అనుమానం బలపడుతుంది. 2011లో అంతర్జాతీయ స్త్రీవైద్య సమాఖ్య ఫిగో అసాధారణ రక్తస్రావ కారణాల పట్టికలో అడినోమయోసిస్‌ను విడిగా చేర్చింది. 2015లో మూసా అనే నిపుణుల బృందం స్కానింగ్ గుర్తులకు ఉమ్మడి పరిభాష ఇచ్చి, 2022లో సవరించింది.

ఈ మార్పు తెలుగునాట ముఖ్యం. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం, దేశమంతటా 3.2 శాతం. అనవసర ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

ఇప్పుడు రక్తహీనత పరీక్ష, స్కానింగ్ ముందుగా జరుగుతాయి. 45 దాటినవారికి క్యాన్సర్ లేదని తేల్చుకోవడానికి లోపలి పొర ముక్క పరీక్ష చేస్తారు. సందేహం మిగిలితే ఎంఆర్ఐ. జబ్బు అడినోమయోసిస్ అని తేలితే హార్మోన్ విడుదల చేసే లూప్‌తో చాలామందికి రక్తస్రావం తగ్గుతుంది. మందులకు లొంగనప్పుడు, పిల్లలు ఇక వద్దనుకున్నప్పుడు గర్భసంచి తొలగింపు చివరి మార్గం.